నా ఫ్రిజ్‌లో కుంకుమపువ్వు గడ్డలు

రాయచూరు బజారులో గురురాజ్ శెట్టి అన్న దుకాణం తెలియనివాళ్లు తక్కువ. పసుపు, కర్పూరం, ఏలకులు, వక్కలు అన్నీ దొరికేవి కానీ, ఆయనకు పేరొచ్చింది కుంకుమపువ్వు మీద. గల్లాపెట్టె వెనక చిన్న రేకు డబ్బాలో తాళం వేసి పెట్టేవాడు. వేరేచోట కొన్నవాళ్లు కూడా చివరికి ఆయనకే తెచ్చి చూపించుకునేవాళ్లు. ఒక్క పోగు తడివేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అస్సల్ అనో నక్లీ అనో మొహం మీదే చెప్పేసేవాడు. తెచ్చింది ఎంత పెద్దింటివాళ్లైనా సరే. మొహమాటం అనేది ఆ మనిషికి పెట్టడం దేవుడు మరిచిపోయాడు.

నేను వాళ్ల ఎదురింటి కావేరిని. ఇడ్లీపిండి రుబ్బి అమ్ముకుంటాను. నా నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అంటుంది. అననీ, నాకేం.

అన్న ముక్కుసూటితనానికి అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయన భార్య అంబుజ వదినే. ఆమె మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు తమ్ముడు పరశురామ్ కాశ్మీరు పోయొచ్చి, అక్క కోసమని ఒక డబ్బా కుంకుమపువ్వు తెచ్చాడు. అందరూ భోజనానికి కూర్చుని ఉండగానే అన్న ఒక పోగు పాలలో వేశాడు. పాలు చటుక్కున ఎర్రబడ్డాయి, పోగు తెల్లబడింది. అసలుదైతే పాలు మెల్లగా బంగారు రంగుకు తిరుగుతాయి, పోగు ఎర్రగానే ఉంటుంది.

"నక్లీ. మక్కజొన్న పీచుకు రంగేసిన్రు," అన్నాడు.

పరశురామ్ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కడానికి ఏళ్లు పట్టింది.

"ఒక్కమాట మంచిదే అంటే మీ సొమ్మేం పోతుండె?" అని వదిన ఆ రోజంతా ఏడ్చిందట.

"లేంది ఉన్నదని నా నోటికి రాదు అంబుజా," అన్నాడట ఆయన.

ఈ కథ వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి.

అలాంటి మనిషికి కళ్ల మీద దెబ్బపడింది. నీటికాసుల జబ్బన్నారు. హైదరాబాదు డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేననీ అన్నాడు. అన్న దుకాణం పనివాళ్లకు అప్పగించేసి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం పిండి ఇవ్వడానికి పోతే నాతో అన్నాడు: "ఇన్నేండ్లు అమ్మిన గని కావేరీ, ఆ పువ్వు చెట్టుకు ఎట్లుంటదో ఒక్కనాడు చూడలే. ఇగ చూసుడు గాదు."

తలుపు వెనక వదిన విన్నది. అంతే, ఆయన కళ్లు పూర్తిగా పోకముందే ఆ పువ్వు చూపించాలని పట్టుపట్టింది. కాశ్మీరు తీసుకుపోదామంటే ఆయన మోకాళ్లు సహకరించవు. పువ్వునే ఇంటికి రప్పిస్తానంది. రాయచూరు ఎండలో కాశ్మీరు పువ్వా! నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

వదిన మేనకోడలు శ్రుతి ఫోనులో వెతికి గడ్డలు తెప్పించింది. బొమ్మలో ఊదారంగు పువ్వు, కింద కుంకుమపువ్వు గడ్డలని రాసి ఉంది. దసరా ముందు వల సంచి వచ్చింది. పీచు కట్టిన చిన్న ఉల్లిగడ్డల్లా ఉన్నాయి. వాటిని నెలల తరబడి చల్లగా ఉంచితేగానీ పూయవట. వదిన సంచి పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"కావేరీ, వీటిని జర నీ ఫ్రిజ్‌ల పెట్టుకో."

"మీ ఇంట్ల ఫ్రిజ్ లేదా ఏంది వదినా?"

"ఉల్లిగడ్డ లెక్కున్నయి గద. దేవుని పాలు, వెన్న పెట్టే ఫ్రిజ్‌ల పెడితే అత్తమ్మ ఊకుంటదా?"

ఆ ఇంట్లోకి ఉల్లి రాదు, ఉల్లి నీడ కూడా రాదు. అన్న తల్లి, ఆ ముసలావిడ ముందు ఇవి ఉల్లి కావని వాదించే ధైర్యం ఎవరికుంది? అలా ఆ గడ్డలు నా పిండి గిన్నెల మధ్య చేరాయి. కరెంటు పుట్టేదేమో పక్కనే శక్తినగర్‌లో, పోయేదేమో మా వీధిలో. పోయినప్పుడల్లా వదిన పరుగెత్తుకొచ్చి, సంచిని తడిగుడ్డలో చుట్టి మట్టికుండలో పెట్టేది. నా పిండి పులిసిపోతున్నా పట్టించుకునేది కాదు. నేను తిట్టేదాన్ని, ఆమె వినేది కాదు.

కార్తీకం వచ్చింది. అన్న రోజూ పొద్దున్నే అడిగేవాడు. "మొలకొచ్చిందా? కార్తీకంలనే గద కొత్త మాల్ దిగుతుండె. పువ్వు అప్పుడే పూస్తది." గడ్డల్లో చలనం లేదు. కార్తీకం అయిపోయింది. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. ఆశ వదులుకున్నాడనుకున్నాను.

పుష్యంలో గడ్డలకు తెల్లటి ముక్కులొచ్చాయి. వదిన వాటిని ఇసుక కలిపిన మట్టిలో నాటి, పెరట్లో నీళ్లకుండల నీడన పెట్టింది. ఈలోపే అన్న చూపు కరిగిపోయింది. పుష్యం చివరికి వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా అయింది. వదిన మాత్రం కుండీలకు నీళ్లు మానలేదు.

మాఘంలో ఒక పొద్దున "కావేరీ!" అని కేక. పిండిచేతులతోనే పరుగెత్తాను. గడ్డిపోచల్లాంటి ఆకుల మధ్య ఊదారంగు పువ్వు ఒకటి, ఎండ తగిలి విచ్చుకుని ఉంది. ఎంత అందంగా ఉందో! వదిన దాని ముందు కూలబడి ఏడుస్తోంది.

"నెల ముందు పూస్తె దీనికేం పోతుండె? ఇగ ఎవ్వరికి సూపియ్యాలె?"

నేను పిండిచేతులు కొంగుకు తుడుచుకుని ఆమెను లేపాను.

అన్నను చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టాము. ఆయన వేళ్లతో రేకులన్నీ తడిమాడు. చిన్నపిల్లవాడి చెంప తడిమినంత మెల్లగా తడిమాడు. వదిన నడిమి పోగులు తెంపి ఆయన చేతిలో పెట్టింది. నేను వంగి చూశాను. ఇన్నేళ్లు ఆయన డబ్బాలో చూసిన పోగులు పొడుగ్గా, ముదురు ఎరుపు. ఇవి పొట్టివి, నారింజరంగువి. ఏదో అలంకారానికి పెంచే వేరే జాతి. ఆ రోజు మాత్రం నేను నోరు మూసుకున్నాను.

అన్న ఒక పోగు తడివేలితో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడూ రెప్పపాటులో తేల్చే మనిషి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏమండి, అస్సల్‌దేనా?" వదిన ముందుకు వంగి అడిగింది.

"అస్సల్ మాలే అంబుజా. మంచిది."

కార్తీకం దాటగానే అడగడం ఎందుకు మానేశాడో నాకప్పుడు అర్థమైంది. ఆ నెలలో పూయనిది అసలు పువ్వు కాదని ఆయనకు అప్పుడే తెలుసు.

వదిన కళ్లు తుడుచుకుని లోపలికి పరుగెత్తింది. గోరువెచ్చని పాలు తెచ్చి మిగిలిన పోగులు అందులో వేసింది. ముగ్గురం గ్లాసు చుట్టూ కూర్చున్నాము. పాలు తెల్లగానే ఉన్నాయి. ఎంతసేపైనా తెల్లగానే ఉన్నాయి. వదిన గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, ఆయన మొహంలోకి చూసింది. ఆమెకు తెలిసిపోయింది.

"రంగొచ్చిందా?" అన్నాడు అన్న.

"వచ్చిందండి," అంది వదిన. "బంగారం లెక్కొచ్చింది."

ఆయన గ్లాసు అందుకుని చివరి చుక్కదాకా తాగాడు.