అన్న వాయిస్ రానివ్వండి

నిన్న పొద్దున ప్రేయర్ బెల్ కొట్టే టైముకి ఫోన్ మోగింది. మరియమ్మ వదిన నంబర్. మాట్లాడింది మాత్రం వాళ్ళ కూతురు.

"నాయన లేడత్తా."

ప్రభుదాసు అన్న స్కూలుకి పోదామని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి అక్కడే కూలబడ్డాడట. గిద్దలూరు ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

మొన్న సాయంత్రం కూడా మాట్లాడాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఫోన్ పెట్టే ముందు ఆ పిల్ల ఇంకో మాట అంది. "గ్రూపులో నువ్వే పెట్టత్తా. అన్నీ నువ్వే గదా ముందు పెట్టేది."

అవును. అన్నీ నేనే ముందు పెడతాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అన్న, నేను ఇద్దరం కొమరోలు మండలంలో గవర్నమెంట్ స్కూళ్ళ హెడ్మాస్టర్లం. ట్రైనింగ్ నుంచి ఒకే బ్యాచ్. మండలంలోని హెడ్మాస్టర్లకి, టీచర్లకి కలిపి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. విద్యాశాఖ నుంచి ఏ అప్‌డేట్ వచ్చినా, అటెండెన్స్ యాప్ మారినా, మధ్యాహ్న భోజనం ఫోటోలు ఇంకో రకంగా తీయమన్నా, అందరికంటే ముందు చదివి, పాయింట్లుగా టైప్ చేసి గ్రూపులో పెట్టేది నేను.

కింద వచ్చే రిప్లై మాత్రం ఎప్పుడూ ఒకటే.

"ఓకే మేడం. అన్న వాయిస్ రానివ్వండి."

కడుపు మండిపోయేది నాకు.

కాసేపటికి ఆ వాయిస్ వచ్చేది. వెనకాల వాళ్ళ మేకల అరుపులు. "అమ్మా, అన్నా, అందరూ ఇనండి. ఏం భయపడమాకండి. కొత్తగా వచ్చిందేం లేదు, పాత యాప్‌కే కొత్త చొక్కా తొడిగినారు."

ఇక చూడండి, గ్రూపులో పండగ. దండాలు, పూలు, థంబ్స్ అప్‌లు. నా పాయింట్లకి ఒక్క దండానికీ దిక్కు లేదు.

నా స్కూల్లోనే, నేను బోర్డు మీద రాసి మరీ వివరించి బయటికి వస్తానా, వెనకాల స్టాఫ్ రూంలో నుంచి ఆయన గొంతు వినపడేది. మా టీచర్లే ఫోన్ చుట్టూ మూగి వింటుండేవాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట్లోనే గెలవలేదు.

ఒకసారి గిద్దలూరులో మీటింగ్ అయ్యాక, బస్టాండ్ దగ్గర టీ తాగుతూ అడిగేశాను. "ముందు పెట్టేది నేనైతే, జనం నీకోసం కాసుకోనుండేదేంది అన్నా?"

ఆయన నవ్వాడు. "నువ్వు పెట్టింది చదివే గదమ్మా నేను మాట్లాడేది. పైనోళ్ళు రాసింది నాకు యాడ అర్థమైతాది? నువ్వు చదువుతావు, నేను చెప్తా. మనిద్దరం కలిస్తే ఒక హెడ్మాస్టరు."

ఇది విని సంతోషపడాలి కదా. నాకు ఇంకా ఒళ్ళు మండింది. అంటే కష్టం నాది, పేరు ఆయనదా? టీ సగంలో పెట్టేసి బస్సెక్కేశాను.

ఇక ఒంటిపూట బడుల సంగతి మా మండలంలో ఎవరూ మర్చిపోలేరు.

ఎండలు ముదిరాయి. ఒంటిపూట అప్‌డేట్ ఎప్పుడొస్తుందా అని అందరం చూస్తున్నాం. ఒకరోజు నేనేదీ పెట్టకముందే అన్న వాయిస్ వచ్చింది. "అమ్మా, అన్నా, మంచి కబురు! ఈ పొద్దు నుంచే ఒంటిపూట."

అది ఎవరో ఫార్వర్డ్ చేసిన పోయినేడాది సర్క్యులర్. ఈ మనిషి తేదీ చూడలేదు. నా పాయింట్ల కోసం ఆగకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.

"ఇది పాతది" అని నేను వెంటనే గ్రూపులో పెట్టాను. ఎవరు చూస్తారు? సగం మండలం పిల్లలకి అన్నం పెట్టి ఇళ్ళకి పంపేసింది. నా స్కూల్ సాయంత్రం దాకా నడిచింది.

ఈసారి దొరికాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఏం దొరకడం! ఆ సాయంత్రమే మండలం ఆఫీసుకి వెళ్ళి, "పంపమన్నది నేను సార్, మెమో ఇస్తే నాకొక్కడికే ఇయ్యండి" అని నిలబడ్డాడట. ఆఫీసర్ తిట్టి తిట్టి, చివరికి నవ్వి, టీ తాగించి పంపించారట. తర్వాత గ్రూపులో ఇంకో వాయిస్. "అమ్మా, అన్నా, ఎండదెబ్బ తగిలినోడు అనుకోని నన్ను ఇడిసిపెట్టండి."

మళ్ళీ పూలు, మళ్ళీ దండాలు. తప్పు చేసినా మార్కులు ఆయనకే.

కరెక్టుగా నడిపినందుకు నాకేం దక్కింది? మా ఊరి తల్లులు గేటు దగ్గర నిలదీశారు. "పక్కూరి పిల్లోళ్ళు ఎప్పుడో ఇంటికి పోయినారు. మా పిల్లోళ్ళు ఏం పాపం చేసినారు మేడం?"

ఈరోజు మట్టి చేసి వచ్చాం.

చర్చి నుంచి రోడ్డు దాకా జనం. పక్క మండలాల టీచర్లు, ఆయాలు, వంటమ్మలు. నేను పోతే ఇందులో సగమన్నా వస్తారా అనిపించింది. పెట్టె పక్కన నిలబడి కూడా కుళ్ళుకోవడమే. ఆయన చూసి ఉంటే పగలబడి నవ్వేవాడు.

నిన్న ఆ వార్త టైప్ చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. పాయింట్లేమీ పెట్టలేదు. మన ప్రభుదాసు అన్న ఇక లేరు అని రాసి, మట్టి ఎప్పుడో, ఎక్కడో రాసి పంపాను.

వెంటనే ఒక రిప్లై వచ్చింది. నా పేరు చూసి, లోపల ఏముందో చదవకుండానే, ఎవరో టీచరమ్మ అలవాటు కొద్దీ పెట్టేసింది.

"ఓకే మేడం. అన్న వాయిస్ రానివ్వండి."

మరుక్షణమే డిలీట్ చేసింది. తర్వాత నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

నాకు కోపం రాలేదు. ఎందుకంటే నేనూ ఫోన్ పట్టుకుని దానికోసమే కూర్చున్నాను. మేకల అరుపుల మధ్య నుంచి ఆయన వచ్చి, "భయపడమాకండి, అది పాత సర్క్యులర్" అంటాడేమోనని.

పోయిరా అన్నా. నీ గొంతంటే నాకు ఇప్పటికీ కుళ్ళే.

ఏ యాప్‌లూ, ఏ అప్‌డేట్‌లూ లేని చోట, ఆ ప్రభువు దగ్గర చల్లగా నిద్రపో.