సీలు విప్పని వెండి నాణేలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను జనగామ నుంచి రేగొండకు సబ్ పోస్ట్‌మాస్టర్‌గా బదిలీ చేశారు. అక్కడ తరచుగా బీమా పార్శిళ్లు వచ్చేది ఒక్క మనిషికే. విత్తనాల దుకాణం వీరభద్రం సేటు. ప్రభుత్వ టంకశాల విడుదల చేసే వెండి స్మారక నాణేలు ఆయన తెప్పించుకునేవాడు.

బీమా పార్శిల్‌ను తీసుకునేవాడి ఎదుటే తూచి, లక్క సీళ్లు చూపించి, సంతకం తీసుకోవాలి. బరువు తగ్గినా, సీలు చెదిరినా మేమే అతని ముందు విప్పి, లోపలి సరుకు రాసుకుని అప్పజెబుతాం. దాన్ని ఓపెన్ డెలివరీ అంటారు. సేటు పార్శిళ్లకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇంటికి తీసుకెళ్లి కూడా ఆయన విప్పేవాడు కాదు. గాలి తగిలితే వెండి నల్లబడుతుందట, వేలు పడితే మచ్చ పడుతుందట. దుకాణం కొడుక్కి అప్పజెప్పాక తీరుబడిగా కూర్చుని అన్నీ ఒక్కసారే చూస్తానని చెప్పేవాడు. కొన్నది చూసుకోవడానికి కూడా ముహూర్తం కావాలా అని నాకు ఒళ్లు మండేది.

దుకాణం చేతులు మారకముందే షుగరు ఆయన కళ్లను తినేసింది. దవాఖానలన్నీ తిరిగారు. చూపు ఇక రాదన్నారు.

నేను రిటైరై మహబూబాబాద్‌లో ఉండగా ఆయన భార్య కమలమ్మ ఫోన్ చేసి, సేటు ఒక్కసారి రమ్మంటున్నాడని చెప్పింది. వెళ్లాను. మంచం మీద పార్శిళ్లన్నీ పేర్చుకుని కూర్చున్నాడు.

"కండ్లతోని సూసే రాత ఎట్లాగు లేదు సార్. చేతులతోనన్న సూస్త. మీ ఓపెన్ డెలివరీ జర నాకు చెయ్యుండ్రి."

పద్ధతి ప్రకారమే చేశాను. గుడ్డ కత్తిరించి, పెట్టె తెరిచి, ధ్రువపత్రం చదివి వినిపించాను. డబ్బీ మూత తీసి నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమాడు. తిప్పి మళ్లీ తడిమాడు.

"బొమ్మ ఎటు దిక్కున్నది సార్?"

మీ వేలి కిందే ఉందన్నాను. షుగరుతో వేళ్లు కూడా మొద్దుబారుతున్నాయని ఏడాదిగా అంటూనే ఉన్నాడని గుమ్మంలో నిలబడ్డ కమలమ్మ చెప్పింది. కళ్ల గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వేలిముద్రలు మాత్రం ఆ అద్దంలాంటి వెండి మీద స్పష్టంగా పడ్డాయి. అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది.

ఇంకొకటి విప్పమన్నాడు. ఆ తర్వాత మరొకటి.

"అన్నీ నున్నగనే ఉన్నయి సార్," అన్నాడు. "ఇగ సాలు. మిగిలినయి విప్పకుండ్రి."

కమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఉద్యోగమంతా సీలు చెదరని పార్శిలే మంచి పార్శిలని నమ్మాను. సీలు దారిలో కాపాడటానికి. ఇల్లు చేరాక దానికి పని లేదు.