గేటు పక్క మన్ను

గుప్పెడు మన్ను ఎంత బరువుంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను. చిత్రమేమిటంటే ఆ మన్ను నా దగ్గర లేదు. లేదు కాబట్టే ఈ బరువు.

పేరు రాయను. నన్ను మీరు గుర్తుపట్టినా ఫరవాలేదు, మా అత్తగారు గుర్తుపడితేనే కష్టం. ఎనభై దాటినా ఆవిడ అచ్చులో ఉన్నదేదీ వదలరు.

మా నాన్న తాడేపల్లిగూడెం దగ్గర రైల్వే గేట్‌మన్. ఈ మాట ఇప్పుడు గర్వంగానే రాస్తున్నాను. ఆయన గేటు వేశాడంటే ధాన్యం లారీ అయినా, పెళ్ళికొడుకు కారైనా, ఎంత పెద్ద ఆఫీసరు జీపైనా ఆగాల్సిందే. చివరి పెట్టె దాటేదాకా, బతిమాలినా తిట్టినా, గేటు ఎత్తేవాడు కాదు. తన గది పక్కన రెండు చిన్న మళ్ళు కట్టి వంగ, బెండ వేసేవాడు. ఆ జాగా రైల్వేవారిది. మాకు సొంతానికి సెంటు భూమి లేదు. కంకర ఏరి, నుసి జల్లెడ పట్టి, పేడ కలిపి, బండికీ బండికీ మధ్య దొరికిన ఖాళీల్లో ఏళ్ళ తరబడి ఆ నేలను ఆయన మన్నుగా మార్చాడు. ఇటుకపొడి రంగులో ఉండేది.

నన్నిచ్చింది కొల్లేటి అంచున వరిచేలున్న ఇంటికి. మా ఆయన ఉద్యోగం వల్ల కాపురం ఏలూరులో పెట్టాం కానీ ఆచారాలు మాత్రం కొల్లేటివే.

కొల్లేటికోట దాటి ఇంకా లోపలికి దోనెలో వెళితే చిన్న లంక ఒకటుంది. ఇళ్ళు లేవు. మధ్యలో దిబ్బ, దిబ్బ మీద పద్మం చెక్కిన విరిగిన రాతిపలక. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు వానాకాలం అక్కడ గడిపేవారని చదువుకున్నవాళ్ళంటారు. మా అత్తగారి వైపు వాళ్ళకి అది అమ్మవారి పీట. ఎవరిదైనా సరే, అక్కడ ఎవరూ గొంతెత్తరు. తమ్మిలేరు పొంగిన ప్రతిసారీ దిబ్బ కొంత కరిగిపోతుంది. అందుకని వెళ్ళినవాళ్ళు తలా గుప్పెడు మన్ను వేసి వస్తారు. కొత్తకోడలైతే పుట్టింటి మన్ను వెయ్యాలి. ఆ మూట కన్నతండ్రే స్వయంగా తెచ్చివ్వాలి. అన్ని ఊళ్ళ మన్నూ ఉంది కనుకే ఆ లంక మునగదని వాళ్ళ నమ్మకం. నాకూ నమ్మకమే.

పెళ్ళైన కొత్తలో నన్ను ఆ లంకకు తీసుకెళ్ళే ముందురోజు మా తోడికోడలు నవ్వుతూ అంది: "మీ పుట్టింటి నుంచి ఏం తెస్తావే చెల్లీ, కంకరా?"

హాస్యానికే అంది. నేను హాస్యంగా తీసుకోలేకపోయాను. కంకర నా బుర్రలోనే ఉందన్నమాట. గూడెంలో మా స్నేహితురాలి వాళ్ళ చేలోంచి మంచి నల్లరేగడి మన్ను అప్పటికే తెప్పించి, కవర్లో కట్టి, బట్టల సంచిలో దాచి ఉంచాను. తోడికోడలి మీద నెపం పెట్టి తప్పుకోనివ్వరు కదా మీరు? ఆ మన్ను ఆవిడ మాటకన్నా వారం ముందే వచ్చింది.

నాన్న ఉతికిన తెల్లపంచె కట్టుకుని, కొత్త తువ్వాల్లో తన మళ్ళ మన్ను మూటగట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. ముందు దోనెలో ఆయన, అత్తగారు, వెనక చివర నేను. తక్కినవాళ్ళు మరో దోనెలో ఇంకా రేవు దగ్గరే ఉన్నారు. సగం దూరం వెళ్ళేసరికి గూడబాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. అందరూ తలలెత్తి చూశారు. నేను తల దించుకుని మూట విప్పాను. ఇటుకరంగు మన్ను గుర్రపుడెక్క ఆకుల మధ్య టీ డికాషన్‌లా విచ్చుకుంది. ఆ తువ్వాల్లోనే సంచిలోని నల్లమన్ను పోసి ముడేశాను. పక్షులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అంతసేపే పట్టింది.

దిబ్బ మీద మన్ను పోశాను. అత్తగారు వంగి చూశారు.

"ఏవండీ అన్నయ్యగారూ, గేటు పక్కన ఇంత మంచి నల్లమన్ను ఉందాండీ! మా చేలో కూడా లేదండీ ఇలాంటిది."

నాన్న మన్నువైపు చూశాడు. తరవాత నా చేతులవైపు చూశాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది.

"ఉందండీ చెల్లెమ్మగారూ. చాలా శ్రద్ధగా పెంచానండీ."

"మన్నునాండీ, పిల్లనాండీ?" అత్తగారు చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"రెండిటినీ అండీ. ఎందులో లోటున్నా అది నాదేనండీ."

అంతే. తిరిగొచ్చేటప్పుడు ఆ తువ్వాలు నన్ను ఉతకనివ్వలేదు. రేవులో తనే జాడించుకున్నాడు.

ఆయనకు తెలిసిపోయిందా? తెలియకుండా ఎలా ఉంటుంది, తన చేత్తో జల్లెడ పట్టిన మన్ను రంగు? ఒక్క క్షణం ముందు గేటు ఎత్తని మనిషి, నా పరువు కోసం ఆ ప్రశాంతమైన చోట, అంతమంది దేవుళ్ళ ముందు, అబద్ధమాడాడు. మన్ను పారబోసినందుకు కాదు, ఆయన చేత ఆ మాట అనిపించినందుకే నేను ఎక్కువ కుములుతాను. లేక అలా అనుకోవడం కూడా పెద్ద తప్పును చిన్నతప్పు చాటున దాచడమేనా?

ఆయన ఏనాడూ అడగలేదు. కాపు వచ్చిన ప్రతిసారీ ఏలూరుకు సంచెడు వంకాయలు పట్టుకొచ్చేవాడు. అత్తగారు వాటిని వీధంతా పంచేవారు. "మా వియ్యంకుడి గేటు వంకాయలు" అంటే మా వీధిలో పేరుమోసిన సరుకు. తోడికోడలు విత్తనాలు కూడా అడిగి పట్టుకెళ్ళింది. నేను సిగ్గుపడ్డ మన్నును వీధి వీధంతా లొట్టలేసుకుంటూ తింది. నేనూ గొప్పగా వడ్డించాను. గేటు మూసేవాడి కూతుర్ని కదా, నోరు మూసుకోవడం బాగా వచ్చు. చెప్పాలని ఎన్నోసార్లు దగ్గరికెళ్ళి, "కాఫీ తాగుతావా నాన్నా?" అని అడిగి వచ్చేసేదాన్ని. పాపం, నా పిరికితనం వల్ల ఆయన చాలా కాఫీలు తాగాడు.

ఆయన రిటైరయ్యాక గేటు తీసేసి పట్టాల కింద నుంచి రోడ్డు వేశారు. మళ్ళు పోయాయి. నాలుగేళ్ళ క్రితం ఆయనా పోయాడు.

పోయిన నెల మా కోడల్ని లంకకు తీసుకెళ్ళాం. తణుకు పిల్ల, అపార్ట్‌మెంట్‌లో పెరిగింది. వాళ్ళ నాన్న బాల్కనీ కుండీలోంచి ఒక కవరు మన్ను తెచ్చి, ఏ దాపరికమూ లేకుండా ఇచ్చాడు. నేను గబుక్కున అత్తగారి మొహంకేసి చూశాను. అత్తగారు అడిగింది ఒకటే: "నీ చేత్తో నీళ్ళు పోసిందేనా అమ్మా? అయితే చాలు." చేలున్నాయా అని ఎవరూ అడగలేదు. అప్పుడూ ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న నేనే వేసుకుని, నేనే తప్పు జవాబు రాసుకున్నాను.

తరవాత ఆవిడ చేతికర్రతో చూపిస్తూ మా కోడలికి చెప్పారు, మీ అత్తగారి నాన్న మన్ను ఇక్కడే ఉందమ్మా, అంత మంచి మన్ను మళ్ళీ నేను చూడలేదు అని. నేను తలూపాను. అవును, ఈసారి కూడా తలూపాను.

ఆవిడకు చెప్తానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఒక్కటి మాత్రం రాస్తాను. మా నాన్న గేట్‌మన్. ఆయన మన్ను మంచిది. దాన్ని నేను నీళ్ళలో పారబోశాను. ఈ మూడూ ఒకే ఊపిరిలో చెప్పడం ఇదే మొదటిసారి.