ఒళ్లో సైలెన్సర్

గన్నవరం బస్సులో నా పక్కన కూర్చున్న నలభై ఏళ్ల మనిషి ఒళ్లో కొత్త సైలెన్సర్ గొట్టం ఉంది. సగం నా సీటులోకే వచ్చింది. వాళ్ల నాన్నగారి నాటి కాంటెస్సా కారుకి బిగిస్తాడట.

"పాతది పాడైందా?" అని అడిగాను.

"లేదండి మామ్మగారూ, బానే ఉంది. సౌండే రావట్లేదు. ఇది బిగిస్తే వీధి చివరికి వినపడుద్ది."

బాగున్నదాన్ని పీకి పారేసి మోత కొనుక్కునే మనిషిని నేను అప్పుడే చూడటం. ఇంట్లో ఎవరుంటారని అడిగాను.

"అమ్మండి. పక్షవాతం. షెడ్డు పక్క గదిలోనే పడుకుంటది. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడిపోద్ది" అని నవ్వాడు.

"మరి ఆవిడని వేరే గదిలోకి మార్చకూడదా, నాయనా?"

"ఎక్కడికండీ? ఉన్న ఇంకో గదిలో కారు సీట్లున్నాయి. షెడ్డులో ఉంటే ఎలకలు కొరికేస్తాయని తెచ్చి పెట్టాను."

మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు అతను ఆ గొట్టాన్ని కండువాలో చుట్టి, చంటిబిడ్డలా భుజాన వేసుకుని, "కాస్త జరగండి మామ్మగారూ, దెబ్బ తగులుద్ది" అన్నాడు. నాకు కాదు, గొట్టానికి.

మా వీధిలో అలాంటి మోత వినపడినప్పుడల్లా, నేనెన్నడూ చూడని ఆవిడకి మెలకువ వచ్చిందేమో అనుకుంటాను.