శాలువాలు అయ్యేసరికి బస్సు వేళయింది

ఆ సెమిస్టర్‌లో జవాబు పత్రాలు నేను బస్సులోనే దిద్దాను. ఇల్లు హోసూరులో, ఉద్యోగం కృష్ణగిరి కాలేజీలో. అక్కడ తెలుగు చెప్పేది నేనొక్కదాన్నే. వచ్చే ఏడాది తెలుగుకు ఎవరూ చేరకపోతే విభాగం ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశారు. ఆయన్ని ఏమనగలం? ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. కాలేజీకొచ్చి అ ఆలు దిద్దమంటే ఎవరికి సరదా?

అందుకే, గోరుచుట్టు మీద రోకటిపోటని తెలిసీ, ఇంటర్నల్ పరీక్షల మధ్యలో కాలేజీలో సభ పెట్టి ఇద్దరు కవుల్ని పిలిచాను. చుట్టుపక్కల ప్లస్ టూ పిల్లల్నీ రమ్మన్నాను. వేప్పనపల్లి అమ్మాయి ఒకతి అవ్వ దగ్గర నేర్చుకున్న నాట్ల పాటలు చక్కగా పాడుతుంది. తెలుగు తీసుకోవాలని ఆశ.

"మా నాయన తమిళమే తీసుకోమంటా ఉండాడు మేడమ్. కవులు నా పాట ఇని బాగుందంటే ఒప్పుకుంటాడు," అంది. పాడిస్తానని మాటిచ్చాను.

కవులిద్దరూ ముందురోజే మా ఇంట్లో దిగారు. ఒకాయనకు ఉల్లిపాయ పడదు, ఇంకొకాయనకు అది లేనిదే ముద్ద దిగదు. రెండు వంటలూ చేసిపెట్టి పొద్దున్నే క్లాసుకు పరిగెత్తాను. వాళ్ళేమో ఏనుగుల్ని చూడాలని, నేను కుదిర్చిన కారును డెంకణికోట అడవి వైపు తిప్పించారు. "అవి అగుపించకుంటేనే మాకు పండగ సార్, రాగి చేను మిగులుతుంది," అన్నాడట డ్రైవరు. ఆ మాటకు మురిసిపోతూ, సభకు గంట ఆలస్యంగా వచ్చారు.

ఇకనైనా కవిత్వం చదువుతారనుకున్నాను. మన సభల సంగతి ఎరగనట్టు! జ్యోతి వెలిగించారు. ఈయన గురించి ఆయన, ఆయన గురించి ఈయన మాట్లాడారు. తర్వాత శాలువాలు. నాకూ ఒకటి కప్పారు. ఆ ఉక్కలో దాన్ని మోస్తూ నవ్వుతూ నిలబడ్డాను. వెనక వరసలో ఆ అమ్మాయి పెదవులు కదుపుతూ పాట గుర్తుచేసుకుంటోంది. వేప్పనపల్లి బస్సు వేళ దగ్గరపడింది.

అధ్యక్షులైన పెద్ద కవిగారి చెవిలో చెప్పాను, ముందు ఆ పిల్ల పాట కానిద్దామని. "తప్పకుండానమ్మా, నా నాలుగు మాటలు కాగానే," అన్నారు. సరిహద్దులో తెలుగు బతకాలంటే పిల్లలు ముందుకు రావాలని ఆయన గొంతెత్తి చెబుతుంటే, పిల్లలు సంచులు తగిలించుకుని ఒక్కొక్కరే బయటికి పోయారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నావైపు చూసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఖాళీ కుర్చీలకు కవిత్వం చదివి, బాగా జరిగిందమ్మా అని కవులు కారెక్కారు.

తెలుగుకు ఎవరూ చేరలేదు. విభాగం పోయింది. నన్నిప్పుడు పరీక్షల ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి మా కాలేజీలోనే తమిళం చదువుతోంది. మొన్న వరండాలో కనబడితే, ఆరోజు మీ నాయనకు ఏం చెప్పావని అడిగాను.

"నా పాట వాళ్ళకు నచ్చలేదని చెప్పినాను మేడమ్," అంది. "పిలవనే లేదంటే మిమ్మల్ని తిడతాడు కదా."