కాంపౌండరు గారు విని చెప్పిన వాక్యం

విజయవాడ ఆసుపత్రి నుంచి పిన్నిగారి ఫోన్ వచ్చినప్పుడు నేను వాళ్ల ముందుగదిలోనే కూర్చుని పని చేసుకుంటున్నాను. "మీ బాబాయిగారు వెళ్లిపోయారమ్మా" అన్నారు. నేను లాప్‌టాప్ మూసేశాను. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

బాబాయిగారంటే నాకు చుట్టం కాదు. నూజివీడులో మా పక్కింటాయన. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా ఆక్సిజన్ మిషన్ మీదే ఉన్నారు. ముక్కుకు పెట్టిన గొట్టం ఎంతవరకు వస్తే ఆయన అంతవరకే. మంచం, కుర్చీ, గడప. గడప దాటి వాకిట్లోకి వెళ్లాలంటే గొట్టం చాలదు.

నాదీ అలాంటి బతుకే. పక్షవాతంతో మంచాన ఉన్న అమ్మను వదిలి ఊరు దాటలేను. ఇంట్లోంచి చేయగలిగిన ఉద్యోగం ఒక్కటే దొరికింది. మామిడి రైతులకు లారీలు కుదిర్చే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. రైతు ఫోన్‌లో మెసేజ్ పెడితే దాన్ని చదివి పని జరిపించేది ఏఐ ఏజెంట్ అనే ప్రోగ్రామ్. దాని చేతిలో పనిముట్లలాంటి టూల్స్ ఉంటాయి: లారీ బుక్ చేయడానికి ఒక టూల్, వాయిదా వేయడానికి ఒకటి, రద్దు చేయడానికి ఒకటి. ఏ టూల్ దేనికో నేను రాసి పెట్టాలి. ఏజెంట్ అది చదువుకుని ఎంచుకుంటుంది. వేసవిలో మాకు కరెంటు గంటలు గంటలు పోతుంది. ఆక్సిజన్ మిషన్ కోసం బాబాయిగారింట్లో పెద్ద ఇన్వర్టర్ ఉంది. అందుకని లాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళ్లేదాన్ని. మిషన్ రొద, వేడి గాలి, మేమిద్దరం.

కిందటి వేసవిలో జి. కొండూరు రైతు ఒకాయన "వానొచ్చేలా ఉంది, రేపు లారీ వద్దు, ఎల్లుండి చూద్దాం" అని మెసేజ్ పెట్టాడు. ఏజెంట్ బుకింగ్ రద్దు చేసేసింది. ఎల్లుండి లారీ వస్తుందనుకుని ఆయన రసాలు కోయించాడు. లారీ రాలేదు. కోతల రోజుల్లో ఇంకొకటి దొరకలేదు. కాయంతా తోటలోనే వానకు తడిసి కుళ్లిపోయింది.

రైతు మెసేజ్ స్పష్టంగా లేదని రిపోర్టు రాసివ్వమన్నాడు మేనేజర్. రాయకపోతే ఉద్యోగం ఉండదేమోనని నా భయం. ఆ రోజు బాబాయిగారి గదిలో స్క్రీన్ చూస్తూ ఊరికే కూర్చున్నాను.

"ఏమైందమ్మాయ్?" అన్నారు. చెప్పాను.

"నువ్వేం రాశావో చదువు."

వాయిదా టూల్‌కీ, రద్దు టూల్‌కీ దాదాపు ఒకే మాట రాసి ఉంది: "బుకింగ్ స్థితిని మారుస్తుంది."

"మరి ఏది ఎప్పుడు వాడాలో దానికెలా తెలుస్తుంది? నీకైతే ఊరు తెలుసు, రైతు తెలుసు. దానికి నువ్వు రాసిన ముక్కే కదా తెలిసేది."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తల్లికి చెవిలో వేసే చుక్కల మందిచ్చి, కవరు మీద "రెండు చుక్కలు, రెండు పూటలు" అని రాశారట. ఆమె బిడ్డ కళ్లల్లో వేసింది. చూపు పోలేదు కానీ ఆ బిడ్డ ఏడుపు తనను వదల్లేదన్నారు.

"డాక్టరు గారు ఆమెదే తప్పని రాసేయమన్నారు. రాశాను. అప్పట్నుంచి ఎప్పుడు వాడాలో రాసిన ప్రతి కవరు మీదా ఎప్పుడు వాడకూడదో కూడా రాశాను. ఆమెదే తప్పని రాసింది మాత్రం దిద్దుకోలేకపోయాను."

నేను రిపోర్టులో నా వాక్యమే తప్పని రాశాను. మూడు నెలలు నన్ను రాతపని నుంచి తీసేసి, మెసేజ్‌లు సరిచూసే పనిలో వేశారు. మళ్లీ రాయనిచ్చాక, రాసిన ప్రతిదీ ముందు బాబాయిగారికి వినిపించేదాన్ని. "నేనే మీ ఏజెంట్ననుకో" అని కళ్లు మూసుకుని వినేవారు. తర్వాత తనకు అర్థమైంది తిరిగి చెప్పేవారు. తేడాగా చెబితే తప్పు నాది. వాదించడానికి లేదు.

రద్దు టూల్‌కి నాలుగుసార్లు తిప్పి రాయించారు. ఇప్పుడు అది ఇలా ఉంది: "రైతు లారీ పూర్తిగా వద్దన్నప్పుడే వాడాలి. వేరే రోజు చెప్పినా, తర్వాత చూద్దామన్నా వాడకూడదు, వాయిదా టూల్ వాడాలి. రద్దయిన లారీ మళ్లీ దొరక్కపోవచ్చు. అనుమానముంటే రైతునే అడగాలి."

"చివరి ముక్క బావుంది. అడిగితే పోయేదేముంది?" అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

ఆ జి. కొండూరు రైతు మళ్లీ మాకు మెసేజ్ పెట్టలేదు. నేనూ ఇదే ఉద్యోగంలో ఉన్నాను. ఈ ఊళ్లోనే ఉన్నాను. కాకపోతే ఒక వాక్యం రాశాక దాన్ని చదివేవాడి వైపు నుంచి వినడం వచ్చింది. అది ఆయన పెట్టిన భిక్ష.

అమ్మను ఆ ఒక్కపూటకు ఎదురింటివాళ్లకు అప్పగించి, ఆయన్ని తీసుకురావడానికి నేనూ విజయవాడ వెళ్లాను. తిరిగొస్తుంటే హనుమాన్ జంక్షన్‌లో వ్యాన్ ఆగిపోయింది. ముందూ వెనకా మామిడి లారీలు. హారన్లు కొట్టి కొట్టి డ్రైవర్లు దిగిపోయారు. పక్క లారీలోని, కాయలెత్తే ముఠా మనిషి ఒకాయన మా వ్యాన్ అద్దంలోంచి బాబాయిగారున్న పెట్టెను చూశాడు. ఎవరని అడగలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, చంకలో పెట్టుకుని, ఎండలో మా పక్కనే నిలబడ్డాడు. వ్యాన్ చాలాసేపు కదల్లేదు. ఆ మనిషీ కదల్లేదు.