కమానుల ఇంట్లో తమ్ముడి వాటా

2022 మామిడి సీజన్లో తిరుపతిలోని నా ఆర్కిటెక్టు ఆఫీసుకు బాలాజీ అనే ఆయన వచ్చాడు. పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో వాళ్లకు తోట ఉంది. తమ్ముడు మురళితో కలిసి తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలతాడు. తోట ముందున్న స్థలంలో ఇల్లు కట్టాలి. కుర్చీలో కూర్చోకముందే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"ఇట్లాంటి ఇల్లు కావాల మేడమ్. చెన్నై పక్క పెండ్లికి పోయినప్పుడు ఒక రిసార్టులో చూసినా. అప్పట్నుంచి నిద్ర పట్టలేదు."

ఎర్ర పెంకుల కప్పు, వరుసగా కమానులు, మందపాటి తెల్ల గోడలు. గోడల మీద స్టకో, అంటే గరుకుగా వదిలేసిన ప్లాస్టరింగ్. ఆర్కిటెక్టుల భాషలో ఇది స్పానిష్ కలోనియల్ రివైవల్. స్పెయిన్ వాళ్లు మెక్సికో ప్రాంతాలను ఏలినప్పుడు కట్టిన ఇళ్లను చూసి, వందేళ్ల కిందట కాలిఫోర్నియా వాళ్లు మళ్లీ మోజుపడి కట్టుకున్న పద్ధతి. నా కళ్ల ముందే ఎన్నో ఫ్యాషన్లు వచ్చిపోయాయి. ముందువైపంతా గాజు బిగించిన ఇళ్లు మన ఎండకు పెనంలా కాలాయి. దీని మీద మాత్రం జనానికి మోజు తీరడం లేదు. నాకూ తీరలేదు, దాచుకోవడం ఎందుకు!

"పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉందా?" అని అడిగాను. వాలు పెంకులు కప్పాక పైకి ఏమీ లేపలేం కనుక, ఎవరినైనా నేను ముందు అడిగేది ఇదే.

"అక్కర్లేదు మేడమ్. పెంకులే అందం," అన్నాడు ఠక్కున.

సీజన్ అయ్యాక పునాదులకు ముగ్గు పోయడానికి వెళ్లాను. వాళ్ల నాయన మునిరత్నం గారు కండువా దులుపుకుంటూ వచ్చి, "పిల్లర్ల కడ్డీలు ఎంత ఎత్తు ఇడుస్తావమ్మా?" అన్నారు. మన వైపు రేపు పైన వేసుకోవచ్చని మిద్దె మీద కడ్డీలు నిలువుగా వదిలేయడం మామూలే. పెంకుల సంగతి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"మరి చిన్నోడికి? కింద పెద్దోనికి, పైన చిన్నోనికి అని వాళ్లమ్మ ఉన్నప్పుడే అనుకున్నాం గదా. వచ్చే ఏడు వాని పెండ్లి. పెండ్లాన్ని తెచ్చుకొని యాడుండేది వాడు?"

"నేను వాణ్ణి పొమ్మన్నానా నాయనా? ఇంత ఇల్లుండాది. ఒక రూములో ఉంటాడు," అన్నాడు బాలాజీ.

ముగ్గు డబ్బా పట్టుకుని మా వెనకే నడుస్తున్న మురళి దాన్ని కింద పెట్టాడు. "మామిడి మండీ కాడ పనుండాది," అని బండెక్కి వెళ్లిపోయాడు. నాకు బాలాజీ మీద ఒళ్లు మండింది. చెడ్డవాడు కాదు. కమానుల మోజులో తోడబుట్టినవాణ్ణి మరిచిపోయాడు, అంతే.

"ఈ పెంకులొద్దులేమ్మా. మామూలు మిద్దె ఏసి, ముందర రెండు కమానులు పెట్టు. వీని ముచ్చట తీరిపోతాది," అన్నారు మునిరత్నం గారు.

నేను ఒప్పుకోలేదు. అలా కడితే అది ఫంక్షన్ హాలు అవుతుంది. ఈ పద్ధతి బలం ముందువైపు కమానుల్లో లేదు, నడుమ వదిలే కోర్ట్‌యార్డులో ఉంది. మన తొట్టికట్టు ఇళ్లలో ఆకాశం కనబడేలా వదిలే వాకిలి లాంటిదే అది. ఈ ఇళ్లు పైకి కాదు, ఆ వాకిలి చుట్టూ పెరుగుతాయి. స్థలం కావలసినంత ఉంది. పని ఆపించి, ప్లాను తిరగ గీశాను. వాకిలికి ఒక పక్క అన్న ఇల్లు, ఇంకో పక్క తమ్ముడి ఇల్లు, అవే కొలతలతో. చుట్టూ ఆర్కేడ్, అంటే కమానుల కింద నడిచే వసారా.

మళ్లీ అందరినీ కూర్చోబెట్టి చూపించాను. మునిరత్నం గారు వాకిలి మీద వేలు పెట్టారు.

"బాగుండాది. ఈడ నడిమధ్య గోడ లేపుకునేదానికి వీలుగా పెట్టమ్మా. అన్నదమ్ములు. ఎప్పుడెట్లుంటారో ఎవరికి ఎరుక?"

"గోడ లేపితే రెండిళ్లకూ గాలీ వెలుతురూ పోతాయి. గోడే కావాలంటే ఇంకొకరి చేత గీయించుకోండి," అన్నాను. నా మాట కటువుగానే ఉంది. ఉండాలనే అన్నాను.

మురళి ప్లానును తన వైపుకు తిప్పుకున్నాడు.

"గోడ ఏల నాయనా? అంత కోపమొస్తే నేను పోయి మండీలో పండుకుంటా. పొద్దన్నకి తగ్గిపోతాది."

మునిరత్నం గారు నవ్వేశారు. బాలాజీ నవ్వలేకపోయాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "తప్పయిపోయిందిరా," అన్నాడు.

రెండు పక్కలా గోడలు లేచేసరికి పెళ్లి దగ్గరపడింది. ముహూర్తం లోపల ఒక పక్కకే పెంకులు కప్పగలం. ఎటువైపు మొదలుపెట్టమంటారని బాలాజీని అడిగాను.

"వాని పక్కే కప్పండి మేడమ్. కొత్తగా వచ్చే పిల్ల రేకుల కింద కాపురం పెట్టాల్నా? మాకు అలవాటే."

అంత మోజుపడిన మనిషి ఆ ఏటి వానలన్నీ పాత రేకుల ఇంట్లోనే గడిపాడు. ఎవరి గడప వాళ్లకు, వాకిలి మాత్రం అందరికీ. ఈ ఇళ్ల మీద మోజు ఎందుకు తీరదో నాకు అక్కడ రూఢి అయింది. ఇప్పుడు ఎవరైనా ఫొటో పట్టుకొస్తే, ఆ ఇంట్లో ఉండబోయే వాళ్లందరినీ ఆఫీసుకు రప్పిస్తాను. ఒక్కరు రాకపోయినా పెన్సిల్ ముట్టను.